నాలుగో తడవ

ఆ రోజు పొద్దున మబ్బు పట్టింది గాని వాన కురవలేదు. ఆకాశమంతా ఒకటే రంగు, సున్నం కొట్టి ఇంకా ఆరని గోడలాగ. సూర్యుడు ఏ మూల ఉన్నాడో, పొద్దు ఎంతెక్కిందో అంతుచిక్కలేదు. అద్దెకారు వెనక సీట్లో ఎడమకాలు బారజాపుకుని కూర్చున్న అమ్మాయి దారి పొడుగునా ఆ ఆకాశాన్నే చూస్తూ వచ్చింది. చూడ్డానికి అందులో ఏమీ లేదు. ఆమెకు కావలసింది కూడా అదే.

బొటనవేలు మాట వినని దగ్గర కిందటి వారం భాగంలో ఈమెను వదిలిపెట్టాం. అంతకు ముందుది నాలుగు ముక్కల్లో చెప్పుకుంటే చాలు. తొమ్మిదేళ్ల వయసులో తండ్రి పనికొట్టంలో ఆడుకుంటుంటే గోడకు ఆనించిన ద్వారబంధం జారి ఈమె మోకాలి మీద పడింది. ఎముక అతుక్కుంది గాని ఆ కాలు కుడికాలితో సమంగా పెరగడం మానేసింది. ఇరవై ఆరేళ్లు వచ్చేసరికి నాలుగున్నర సెంటీమీటర్ల తేడా. నడిస్తే ఒకసారి ఇటు, ఒకసారి అటు. వీధిలో 'తక్కెడ' అని పేరు పెట్టారు. పెట్టినవాళ్లు మరిచిపోయినా పేరు మిగిలింది.

నెల కిందట ఆమె తొడ ఎముకను అడ్డంగా కోసి, ఎముక బోలులో ఒక కడ్డీ దించారు. కడ్డీలో చిన్న అయస్కాంతం ఉంది. పైన తొడ మీద ఒక మిషను ఆనించి మీట నొక్కితే రెండు నిమిషాల్లో లోపలి కడ్డీ వెంట్రుకంత సాగుతుంది. రోజుకు మూడు తడవలు, మొత్తం కలిపి ఒక మిల్లీమీటరు. కోసిన ఎముక రెండు కొసలూ అంత దూరం జరుగుతాయి. ఆ సందులో కొత్త ఎముక పుడుతుంది. సందు పూర్తిగా నిండి గట్టిపడేదాకా కడ్డీయే బరువంతా మోస్తుంది. ఏడాది దాటాక దాన్ని తీసేస్తారు.

మిషను పట్టే పని తండ్రిది. వడ్రంగి చెయ్యి వణకదని పెద్ద డాక్టరే ఆ పని అప్పజెప్పాడు. తండ్రి మాట తక్కువ మనిషి. ద్వారబంధం పడిన రోజు నుంచి కూతురి కాలిని చేత్తో ముట్టుకోలేదు. ఏటేటా ఆమె ఎడమ చెప్పు కింద కొయ్య అడుగు చెక్కి బిగించేవాడు. దానికి కూడా కొలత చెప్పుకే తీసుకునేవాడు, పాదానికి కాదు.

ఇరవై ఆరు రోజులు కాలు సాగింది. ఇరవై ఆరో రోజు సాయంత్రం ఇంటికొచ్చిన కసరత్తు మేడమ్ బొటనవేలు పైకెత్తమంది. అమ్మాయి ఎత్తాననుకుంది. వేలు లేవలేదు. మర్నాటి తడవలు ఆపి పొద్దున్నే ఆసుపత్రికి రమ్మంది మేడమ్.

ఇక ఇవాళ్టి సంగతి.

*

ఎక్స్‌రే గది ముందు బల్లమీద ముగ్గురూ వరసగా కూర్చున్నారు. అమ్మాయి, పక్కన తల్లి, ఆ చివర వడ్రంగి. ఊతకర్రలు రెండూ అతని ఒళ్లో ఉన్నాయి. అతను వాటి పిడుల్ని బొటనవేలితో తడుముతున్నాడు. నున్నగా ఉన్నాయో లేదో చూడటం అతనికి అలవాటు.

ఎదురుగా చెయ్యి కట్టు కట్టించుకున్న పెద్దమనిషి ఒకాయన చాలాసేపటి నుంచి అమ్మాయినే చూస్తున్నాడు. ఆఖరికి ఉండబట్టలేక అడిగాడు.

"ఏమ్మా, నువ్వు బస్టాండులో మూడో కిటికీ కదూ?"

"అవునండీ."

"అదే అనుకుంటున్నా! ఆరేళ్లుగా నీ దగ్గరే టికెట్టు తీసుకుంటున్నాను. గాజు వెనక తలకాయ, రెండు చేతులు, అంతే. నీకు కాళ్లున్న సంగతే నాకెప్పుడూ తట్టలేదు సుమా."

"నాకూ ఒక్కోసారి తట్టదండీ," అంది అమ్మాయి.

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దమనిషి నవ్వాడు. వడ్రంగి నవ్వలేదు, ఊతకర్ర పిడి దగ్గర వేలు ఆపాడు.

అంతలో కసరత్తు మేడమ్ వచ్చింది. భారీ మనిషి, మెళ్లో దారానికి ఈల ఒకటి వేలాడుతుంటుంది. పిల్లల చేత కాళ్లు ఆడించడానికి ఈల, పెద్దల చేత ఆడించడానికి నోరు.

"ఏమే తక్కెడా, వేలికి బుద్ధి చెప్పావా?"

"చెప్పాను మేడమ్. విన్లేదు."

"అచ్చం నీ పోలికే. లే, పడుకో ఇలా."

పక్క గదిలో మంచం మీద పడుకోబెట్టి కళ్లు మూసుకోమంది. దూది ముక్క తీసింది. "నేను ముట్టుకున్నప్పుడల్లా చెప్పు."

"ఇప్పుడు."

"ఊఁ."

"ఇప్పుడు."

"ఊఁ, అది పిక్క. ఇంకా?"

"ఇప్పుడు... ఇప్పుడు కూడా."

మేడమ్ చప్పుడు చెయ్యలేదు. అమ్మాయి కళ్లు తెరిచి చూసింది. దూది మేడమ్ చేతిలోనే ఉంది, పాదానికి జానెడు దూరంలో.

"ఈ రెండుసార్లూ నేను ముట్టుకోలేదమ్మా," అంది మేడమ్. "అంతకు ముందు మూడుసార్లు ముట్టుకుంటే నువ్వు పలకలేదు."

అమ్మాయి తన పాదాన్ని చూసుకుంది. నొప్పి లేదు, మంట లేదు. ఎవరిదో పాదం తెచ్చి తన చీలమండకు తగిలించినట్టుంది. గోళ్లు మాత్రం తనవే. ఆదివారం తనే కత్తిరించుకుంది.

*

పెద్ద డాక్టరు పొట్టిమనిషి. కాళ్లు పొడిగించే డాక్టరు అంత పొట్టిగా ఉండటం మీద ఆసుపత్రిలో చాలా జోకులు ఉన్నాయి, వాటిలో సగం ఆయన పుట్టించినవే. ఆ రోజు ఒక్కటీ చెప్పలేదు. ఎక్స్‌రేను దీపం పలక మీద తగిలించి, దానిమీద స్కేలు పెట్టి చూశాడు. స్కేలు తీసి తుడిచి మళ్లీ పెట్టాడు.

ఎముక బోలులో కడ్డీ తెల్లగా, సూటిగా కనబడుతోంది. ఆ తెలుపులో అనుమానానికి చోటు లేదు. దాని చుట్టూ ఎముక రెండు ముక్కలు. మధ్యలో సందు. సందులో కొత్త ఎముక పలచగా, పొగ ఊదినట్టు.

"ఇవాళ్టికి ఎంత ఉండాలి?"

"ఇరవై ఆరండీ," అంది తల్లి వెంటనే. సంచిలోంచి ఒక అట్టముక్క తీసి ఇచ్చింది. దానిమీద రోజుకొక వరస, వరసకు మూడు నిలువు గీతలు. "పొద్దున ఏడింటికి, పన్నెండింటికి, సాయంత్రం ఆరింటికి. ఈయన 'అయింది' అనగానే నేను గీత గీస్తాను. ఒక్క పూట తప్పలేదు."

"ముప్పై ఒకటి ఉందిక్కడ."

మేడమ్ దగ్గరకొచ్చి తనూ చూసింది.

"రెండు వారాల కిందట ఫొటో తీసినప్పుడు సరిగ్గా పన్నెండు. ఈ పధ్నాలుగు రోజుల్లో పధ్నాలుగు సాగాలి, పంతొమ్మిది సాగింది. కాలు ఊరికే సాగదు కదా. మిషనాయన్ని పిలవండి."

మిషనాయనంటే ఆసుపత్రిలో ఆ మిషన్లను సరిచూసి రోగులకిచ్చి, పట్టుకోవడం నేర్పే ముసలాయన. కళ్లజోడుకు దారం కట్టి మెళ్లో వేసుకుంటాడు. వడ్రంగి చేతుల్ని తన చేతులతో పట్టుకుని, ఎక్కడ ఆనించాలో, ఎంత నొక్కాలో మొదటి రోజు చూపించింది ఆయనే. వచ్చి, ఎక్స్‌రే చూసి, వీళ్లు ఇంటి నుంచి తెచ్చి బల్లమీద పెట్టిన మిషను చూసి, డాక్టరు మొహం చూసి, కళ్లజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఈ మిషను ఒక తడవకు ఎంత తిప్పుతుందో కొలిచే ఇచ్చారా?"

"కొలిచానండీ. విడి కడ్డీ ఒకటి ఉంది కదా, దానిమీద పెట్టి పదిసార్లు తిప్పి చూశాకే ఇస్తాను. ఏది ఇచ్చినా అంతే."

"మరి ఈ అయిదు మిల్లీమీటర్లు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయి?"

"తెలీదండీ."

"తెలీదంటే సరిపోతుందా? ఇలాంటివే ఇంకా నలుగురి ఇళ్లల్లో ఉన్నాయి. అన్నీ మీ చేతిమీదుగా పోయినవే. వాళ్లందర్నీ ఇవాళే పిలిపించాలి. మీరు రేపటి నుంచి ఈ గదిలోకి రావద్దు. మీకు చూపు ఆనట్లేదని నాలుగు నెలల కిందటే మిగతావాళ్లు అన్నారు, నేనే వినిపించుకోలేదు."

ముసలాయన మిషను వైపు చూశాడు. పదేళ్లుగా తెలిసిన మనిషి ఎదురుపడి మొహం తిప్పుకుంటే చూసినట్టు చూశాడు.

"ఆయన్నేమీ అనకండి."

అందరూ గుమ్మం వైపు తిరిగారు. పొద్దుటి నుంచి ఆ గొంతు ఎవరూ వినలేదు. వడ్రంగి ద్వారబంధం చెక్కను పట్టుకుని నిలబడ్డాడు.

"మిషను బాగానే ఉంది. రోజూ నాలుగో తడవ కూడా తిప్పాను. నేనే. పధ్నాలుగు రోజులు."

"ఏంటీ?" అంది తల్లి.

"మధ్యాహ్నం రెండున్నరకి. నువ్వు ఇస్త్రీ పనికి వెళ్లాక. అన్నం తిని, మళ్లీ కొట్టానికి పోయే ముందు."

డాక్టరు స్కేలును బల్లమీద పెట్టాడు. అరుస్తాడనుకున్నారు అందరూ. అరవలేదు. "ఎందుకు?" అన్నాడు.

వడ్రంగికి మాట బయటికి రావాలంటే ముందు లోపల చిత్రిక పట్టాలి.

"పోయినసారి మీరు ఫొటో చూపించారు కదండీ. కొత్త ఎముక ఇలాగే మసకమసగ్గా ఉంది. ఇదింకా ఆరలేదు అనుకున్నాను. కొత్తగా తెచ్చిన ఏ చెక్కయినా ఆరితే కుదించుకుంటుంది. తలుపు చేసేటప్పుడు ఆ పోయేదాన్ని ముందే కలుపుకుని కోస్తాం. కలుపుకోకపోతే ఏడాది తిరిగేసరికి సందు పడుతుంది. చూసినవాడు వడ్రంగిని తిడతాడు. నాలుగున్నర సెంటీమీటర్లు సాగదీశాక, అది గట్టిపడేటప్పుడు ఏ నాలుగు మిల్లీమీటర్లో తగ్గితే ఈ పిల్లకి మళ్లీ చెప్పు కింద అడుగు వెయ్యాలి. అది చెక్కాల్సింది నేనే. ఇక చెక్కలేనండీ."

"లోపల కడ్డీ ఉంది కదయ్యా! ఎముకను పట్టి ఉంచేది అదే. కడ్డీ ఎక్కడైనా ఆరి కుదించుకుంటుందా?"

"మేకు కొట్టిన చెక్క కూడా కుదించుకుంటుందండీ. మేకు ఎక్కడిదక్కడే ఉంటుంది. చెక్క చీలుతుంది."

ఇరవై ఏళ్లుగా ఎముకలు కోస్తున్న డాక్టరుకు ఇలాంటి తప్పు ఒకటి ఉంటుందని తోచినట్టు లేదు.

"బాబాయ్," అంది కసరత్తు మేడమ్ మెల్లిగా, "మనిషి కాలు తలుపు కాదు."

"తెలుసమ్మా. తలుపైతే ఊడదీసి మళ్లీ చేసేవాణ్ణి."

"నన్నొక్క మాట అడగలేకపోయావా?" అన్నాడు డాక్టరు.

"అడిగితే వద్దంటారని."

తల్లి అట్టముక్కను రెండు చేతులా పట్టుకుని గీతల్ని చూస్తోంది. వాటిలో తప్పు ఎక్కడుందో వెతుకుతున్నట్టుంది. వాటిలో తప్పేమీ లేదు.

"ఆ పిల్లకేం తెలీదు," అన్నాడు వడ్రంగి చివరిగా. "నిద్రపోయేది."

అమ్మాయి డాక్టరు గదిలోని మంచం అంచున కూర్చుని వింటోంది. ఎవరో ఎవరి గురించో మాట్లాడుకుంటున్నట్టు వింటోంది.

ఆమె నిద్రపోలేదు.

మొదటి రోజు మాత్రం కాస్త కునుకు పట్టింది. తొడ మీద బరువు ఆనింది, సన్నగా తుమ్మెద రొద లాంటి చప్పుడు వినబడింది. కళ్లు తెరవబోయి ఆగింది. రెండో రోజు ముందే కళ్లు మూసుకుని పడుకుంది. తండ్రి అడుగులు వినబడ్డాయి. చెప్పులు గుమ్మం బయట విడిచిన చప్పుడు. మిషను ఆనించాడు. రెండో చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు గాలిలోనే ఉంచాడు కాబోలు, తర్వాత ఆమె మోకాలి మీద పెట్టాడు. ద్వారబంధం పడిన చోటే. గరుకు చెయ్యి. రెండు నిమిషాలు ఉంచాడు. మిగతా మూడు తడవలప్పుడు తల్లి పక్కనే ఉంటుంది, ఆ చెయ్యి ఎప్పుడూ అలా ఆనలేదు. పదిహేడేళ్లలో ఎప్పుడూ ఆనలేదు.

అందుకని ఆమె పధ్నాలుగు మధ్యాహ్నాలూ నిద్రపోయింది.

కాలు తొందరగా సమమైతే మంచిదే కదా అనుకుంది. అది కూడా నిజమే. డాక్టరు చెప్పినదాని కంటే ఒక తడవ ఎక్కువవుతోందని ఆమెకు తెలుసు. రోజంతా టికెట్లు లెక్కపెట్టే మనిషికి మూడుకీ నాలుగుకీ తేడా తెలియకపోవడం ఉండదు.

"నరం సంగతి చెబుతాను, వినండి," అంటున్నాడు డాక్టరు. "ఎముక పుడుతుంది. కండ సర్దుకుంటుంది. నరం మాత్రం రోజుకు ఒక మిల్లీమీటరు మించి లాగితే ఒప్పుకోదు. ముందు తిమ్మిరి, తర్వాత మొద్దు, తర్వాత పాదం వేలాడిపోతుంది. వేలాడిపోయి అలాగే ఉండిపోతే రెండు కాళ్లూ సమంగా ఉండి కూడా ఈడ్చుకుంటూ నడవాలి." అమ్మాయి వైపు తిరిగాడు. "ఇప్పుడు నువ్వు చెప్పేది చాలా ముఖ్యం. పాదం మొద్దుబారింది ఎప్పటి నుంచి?"

గదిలో అందరూ ఆమెను చూశారు.

"ఎందుకంటే, నిన్నా ఇవాళా మొదలైతే కడ్డీని వెనక్కి తిప్పి, ఆ అయిదు మిల్లీమీటర్లూ తగ్గించి, పది రోజులు ఆగి చూడొచ్చు. చాలామందికి తిరిగొస్తుంది. నాలుగైదు రోజులైందంటే మాత్రం ఆగకూడదు. మోకాలి పక్కన కోసి, నరం ఎక్కడ ఒత్తుకుందో చూసి వదులు చెయ్యాలి. ఒక్కో రోజు గడిచేకొద్దీ నరం తేరుకునే ఆశ తగ్గుతుంది."

అయిదు రోజులైంది. స్నానాల గదిలో వేడినీళ్లు పాదం మీద పడితే వేడి తెలియకపోవడం అయిదు రోజుల కిందట. చెబితే మిషను ఆపేస్తారని చెప్పలేదు. మర్నాడు చెబుదామనుకుంది. మర్నాడు రెండున్నర అయింది, ఆ మర్నాడూ అయింది.

ఇప్పుడు అయిదని చెబితే, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు ఒక్కటే. అది తండ్రి ముందు చెప్పాలి. నేను మేలుకునే ఉన్నాను నాన్నా అని.

వడ్రంగి తల వంచుకుని ఉన్నాడు. మిషనాయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు.

"నిన్నటి నుంచే," అంది అమ్మాయి.

ఆ మాట చాలా తేలిగ్గా వచ్చింది. గాజు వెనక నుంచి రోజూ వందసార్లు చెప్పే సమాధానాల్లాగే, మొహంలో ఏమీ లేకుండా వచ్చింది.

"రూఢిగా?"

"రూఢిగా."

డాక్టరు గుండెల నిండా గాలి పీల్చి వదిలాడు. "సరే. అయితే ఇవాళ్టి నుంచి వెనక్కి. వెనక్కి తెచ్చాక మళ్లీ ముందుకు పోగలమో లేదో ఇప్పుడు చెప్పలేను. మొదట పాదం, తర్వాతే పొడుగు." వడ్రంగి వైపు చూశాడు. "ఆ మిషను మీరిక ముట్టుకోవద్దు."

"ముట్టుకోనండీ."

"అమ్మా, మీరు?"

తల్లి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "నాకు భయమండీ."

"నేనే పట్టుకుంటాను," అంది అమ్మాయి.

*

మిషనాయన బయట వరండాలో ఆమెకు నేర్పాడు. మిషను మీద చెక్కిన బాణం గుర్తు చూపించాడు. "ఇది మోకాలి వైపు ఉంటే కడ్డీ సాగుతుంది. తుంటి వైపు తిప్పి పెడితే ముడుచుకుంటుంది. అంతే తల్లీ. పెద్ద విద్యేం కాదు." తర్వాత వడ్రంగి దగ్గరకు పోయి నిలబడ్డాడు. "మీరు నోరు మెదపకపోయినా జరిగిపోయేది. నాకింకా ఏడు నెలలే ఉంది ఉద్యోగం."

వడ్రంగి ఊతకర్రలు కూతురికి అందించి, ఆమె చెయ్యి తగలకుండా వెనక్కి జరిగాడు.

ఇంటికొచ్చాక తల్లి వంటింట్లోకి పోయింది. గిన్నెలు అనవసరంగా చప్పుడయ్యాయి. కాసేపటికి ఆ చప్పుళ్ల మధ్య నుంచే మాట వచ్చింది.

"ముప్పై ఏళ్ల కాపురంలో నాతో ఒక్క ముక్క అనబుద్ధి కాలేదా నీకు? నేనిక్కడ వెర్రిదానిలా గీతలు గీస్తున్నాను. మూడు గీతలు! సర్కారు ఉద్యోగంలా రోజూ మూడు గీతలు!"

"చెబితే వద్దనేదానివి," అన్నాడు వడ్రంగి పెరటి గుమ్మం దగ్గర నుంచి.

"అంతేలే. డాక్టరూ వద్దనేవాడే, పెళ్లామూ వద్దనేదే. ఈ లోకంలో దాని మంచి కోరేవాడివి నువ్వొక్కడివే పుట్టావు!"

అతను పెరట్లో కూర్చుని ఉలికి పదును పెట్టడం మొదలుపెట్టాడు. ఆ ఉలి పొద్దున్నే పదును పెట్టి ఉంది.

సాయంత్రం ఆరైంది. కిటికీలో ఇంకా వెలుతురుంది. అమ్మాయి తలుపు దగ్గరగా వేయించుకుని మంచం మీద కూర్చుంది. తొడ మీద మిషనాయన సిరాతో గీసిన గుర్తు దగ్గర మిషను ఆనించింది. బాణం తుంటి వైపు. అనుకున్నదాని కంటే బరువుగా ఉంది. ఇంత బరువును తండ్రి ఒంటిచేత్తో అంత కదలకుండా ఎలా పట్టుకున్నాడా అనుకుంది. మీట నొక్కింది. అదే రొద. ముందుకు పోయినప్పుడు ఎలా ఏమీ తెలియలేదో, వెనక్కి వస్తుంటే కూడా ఏమీ తెలియలేదు. మోకాలి మీద చెయ్యి పెట్టుకోవాలనిపించలేదు. రెండు చేతులూ మిషనుకే సరిపోయాయి.

రొద ఆగింది.

"అయింది," అంది బయటికి వినబడేలా.

పెరట్లో ఉలి చప్పుడు ఆగింది. తల్లి లోపలికి వచ్చింది. అట్టముక్కను వెనక్కి తిప్పి, ఖాళీగా ఉన్నవైపు ఒక గీత గీసింది. గీసి, వెళ్లిపోలేదు. మంచం కాళ్లవైపు కూర్చుని కూతురి పాదాన్ని ఒళ్లోకి తీసుకుంది. వేళ్ల సందుల్లో నెమ్మదిగా నొక్కింది.

"తెలుస్తోందా?"

"లేదు."

"ఇక్కడ?"

"లేదమ్మా."

తల్లి నొక్కుతూనే ఉంది. తల ఎత్తకుండా, గొంతు బాగా తగ్గించి అడిగింది.

"నిజంగా నిన్నటి నుంచేనా?"

"చెప్పాను కదా."

"చెప్పావులే." ఒక వేలు వదిలి ఇంకో వేలు పట్టుకుంది. "నీకు చిన్నప్పటి నుంచీ పగలు నిద్ర పట్టదు కదే."

అమ్మాయి కిటికీ వైపు తిరిగింది. "నొప్పి మాత్రలేసుకుంటున్నాను కదా. మత్తుగా ఉండేది."

"ఆ మాత్రలు డాక్టరు ఆపించి మూడు వారాలైంది. మిగిలినవి పట్టుకుపోయి మందుల షాపులో ఇచ్చేసింది నేనే."

వేళ్ల సందుల్లో తల్లి చేతులు ఆగిపోయాయి. ఆగినట్టు అమ్మాయికి తెలియలేదు. చూస్తే తెలిసింది.

ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. తల్లి పెదవులు ఏదో అడగడానికి విడివడ్డాయి. సరిగ్గా అప్పుడే వరండాలో కుండలో నీళ్లు ముంచిన చప్పుడు, చేతులు కడుక్కున్న చప్పుడు వినబడ్డాయి. వడ్రంగి తలుపు కొద్దిగా తోసి, లోపలికి రాకుండా అక్కడే నిలబడ్డాడు.

"అన్నం పెడతావా?" అన్నాడు భార్యతో.

తల్లి పాదాన్ని మెల్లిగా దుప్పటి మీద పెట్టి లేచింది. మంచం పక్కకే చిన్న బల్ల జరిపి మూడు పళ్లేలు పెట్టింది. ఆపరేషను అయినప్పటి నుంచి ఈ గదిలోనే తింటున్నారు ముగ్గురూ. ఆమె వడ్డించింది. వడ్రంగి నేలమీద, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. అన్నం కలుపుతున్న అతని కుడిచేతిని అమ్మాయి చూసింది. ఉలి ఎప్పుడు జారిందో, బొటనవేలి పక్కన సన్నగా కోసుకుని ఉంది. అతను చూసుకున్నట్టు లేదు.

తిన్నారు. గిన్నె మీద గరిటె ఆనిన చప్పుడు, మంచినీళ్లు పోసిన చప్పుడు. తల్లి ఒకసారి భర్త వీపును చూసింది, ఒకసారి కూతురి మొహం చూసింది. రెండుసార్లూ చూపు పళ్లెంలోకి దించుకుంది. ఆరో రోజు గడిచిపోతోంది. ఆ గదిలో ఆ లెక్క తెలిసింది ఒక్కరికే. ఇద్దరికేమో.

అమ్మాయి పళ్లెం ఖాళీ అయింది. తల్లి అడగకుండానే ఇంకో గరిటెడు పెట్టింది. అమ్మాయి వద్దనలేదు. తింది.